ఛాంపియన్‌ను చీటీ తేల్చరాదు: పుదుచ్చేరి బాలల ఫుట్‌బాల్ లీగ్ నియమాలపై వినతిపత్రం

పుదుచ్చేరి

గౌరవనీయులైన క్రీడలు, యువజన వ్యవహారాల శాఖ మంత్రివర్యులకు, పుదుచ్చేరి ప్రభుత్వం;
మాన్యులు పాండిచ్చేరి ఫుట్‌బాల్ సంఘం అధ్యక్ష, కార్యదర్శులకు

విషయం: కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు ప్రాంతాల బాలబాలికల ఫుట్‌బాల్ లీగ్‌లలో విజేతను నిర్ణయించే పద్ధతి గురించి

అయ్యా,

పుదుచ్చేరి పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారము, యానాంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న శిక్షకులము, వారి తల్లిదండ్రులము కలిసి ఈ వినతిపత్రాన్ని తమ సముఖానికి సమర్పించుకుంటున్నాం. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. రాబోయే సీజన్ల నియమావళి ఖరారు చేసే ముందు మా మాట కూడా తమ ముందు ఉండాలన్నదే మా ఉద్దేశం. మేము కోరేవాటిలో చాలావరకు ఖర్చులేనివి. ఖర్చున్నవాటిని ఖర్చున్నవని చెప్పే అడుగుతున్నాం.

ముందుగా, ఈ పత్రం రాయడానికి కారణమైన ఒక సంగతి. పట్టణంలో జరిగిన ఒక అండర్-13 పోటీలో రెండు జట్లు పాయింట్లలో, గోల్స్ తేడాలో సమానంగా నిలిచాయి. వాటి మధ్య మ్యాచ్ అంతకుముందే డ్రాగా ముగిసింది. అప్పుడేం చేయాలో నియమాల కాగితంలో లేదు. నిర్వాహకులు కాసేపు మాట్లాడుకుని రెండు చీటీలు రాసి, టీ తాగిన స్టీలు గ్లాసులో వేసి, పక్కనే ఉన్న ఓ చిన్నపిల్లను పిలిచి ఒకటి తీయమన్నారు. చీటీ విప్పి పేరు చదివాక ఓడిన జట్టు గోల్‌కీపర్ గ్లౌజులు తీయకుండా అలాగే నిలబడి, ‘సార్, మేం ఎక్కడ ఓడిపోయాం?’ అని అడిగాడు. అక్కడున్న పెద్దలలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నిర్వాహకులది దురుద్దేశమని మేము అనుకోవడం లేదు. చీకటి పడుతోంది, బస్సుల వేళ దాటిపోతోంది, కప్పు ఎవరికో ఒకరికి ఇవ్వాలి. అయితే ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు సీజన్ మొదలవకముందే కాగితం మీద ఉండవలసింది.

చీటీకి ఫుట్‌బాల్‌లో చోటే లేదని మేము వాదించడం లేదు. 1968 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ జట్ల మధ్య ఫలితాన్ని నేపుల్స్‌లో నాణెం ఎగరేసి తేల్చారు. 1990 ప్రపంచ కప్‌లో ఐర్లండ్, నెదర్లాండ్స్ జట్లలో ఎవరిది రెండో స్థానమో, ఎవరిది మూడో స్థానమో చీటీ తీసే నిర్ణయించారు. అయితే నాణెంతో మ్యాచ్‌ను తేల్చడం న్యాయం కాదని ప్రపంచం గ్రహించబట్టే 1970లో పెనాల్టీ కిక్స్ పద్ధతి ఆట చట్టాల్లోకి వచ్చింది. డ్రా అయిన మ్యాచ్‌లో విజేత కావలసి వస్తే అదనపు సమయం, పెనాల్టీలు, రెండు అంచెల పోటీల్లో ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్క, ఈ మూడు దారులే నేటి చట్టాల్లో ఉన్నాయి. చీటీ అందులో లేదు. యాభై ఏళ్ల కిందట పెద్దలు తమ మ్యాచ్‌లకు వద్దనుకున్నది పన్నెండేళ్ల పిల్లల కప్పుకు కొనసాగడం సబబు కాదని మనవి.

ఇక రెండో నేపథ్యం మన భౌగోళిక స్థితి. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అనే నాలుగు ప్రాంతాలు మూడు రాష్ట్రాల నడుమ విడివిడిగా ఉన్నాయి. కారైకాల్ పిల్లలు పొద్దున బయలుదేరి మ్యాచ్ ఆడి రాత్రికి ఇల్లు చేరగలరు. మాహే దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో కేరళ తీరాన ఉంది. యానాం 800 కిలోమీటర్లకు పైగా ఎగువన గోదావరి ఒడ్డున ఉంది. యానాం జట్టు రావాలంటే కాకినాడలో రైలెక్కి, రాత్రంతా ప్రయాణించి, చెన్నై దిగాక మళ్లీ బస్సు పట్టుకోవాలి. రిజర్వేషన్ దొరకని పిల్లలు బూట్ల సంచీ తలకింద పెట్టుకుని, ఇద్దరికో బెర్తు చొప్పున సర్దుకుంటారు. అలా వచ్చిన జట్టు మర్నాడే నాకౌట్ మ్యాచ్ ఆడి, గంట గడిచేసరికి ఓడి, సాయంత్రం మళ్లీ రైలెక్కడాన్ని పోటీ అనవచ్చునేమో గాని, వికాసం కోసం పెట్టిన లీగ్ అనలేము.

ఛాంపియన్‌ను నిర్ణయించే నియమం కప్పుతో ఆగిపోదు. శిక్షకుడు ఎవరిని ఆడిస్తాడు, ఎవరిని బెంచి మీద కూర్చోబెడతాడు, బంతిని ఓపికగా పాస్ చేయిస్తాడా, ముందుకు బలంగా తన్నిస్తాడా అన్నవన్నీ ఆ నియమాన్ని బట్టే ఉంటాయి. ఒక్క ఓటమితో ఇంటికి పోవాల్సి వస్తే ఏ శిక్షకుడూ కొత్త పిల్లవాడిని బరిలోకి దింపే సాహసం చేయడు. ఈ సంగతి తెలుగు నేలకు కొత్త కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా జట్టును నడిపిన హైదరాబాద్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, అక్కడి ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టించారు. పిల్లలకు ఏది రావాలో ముందు అనుకుని, దానికి తగ్గట్టు పోటీ నియమం రాసిన మనిషి ఆయన. మేము అడుగుతున్నదీ ఆ దారిలోనిదే.

పై కారణాల వల్ల కింది కోర్కెలను తమ పరిశీలనకు ఉంచుతున్నాం.

1. నియమావళిని మొదటి మ్యాచ్‌కు కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా ప్రకటించాలి. సీజన్ మధ్యలో మార్చకూడదు. తమిళంతో పాటు తెలుగు, మలయాళం, ఇంగ్లిషు ప్రతులు ఉండాలి. 1965 నాటి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు, మాహేలో మలయాళానికి చోటిచ్చింది. పిల్లల ఆట కాగితానికి కూడా ఆ మర్యాద వర్తించాలి. ప్రకటించే ముందు ముసాయిదాను శిక్షకులకు చూపించాలని కూడా కోరుతున్నాం. 1994 కరీబియన్ కప్ అర్హత పోటీల్లో అదనపు సమయంలో కొట్టే గోల్ రెండుగా లెక్కిస్తామన్న వింత నియమం పెట్టారు. రెండు గోల్స్ తేడాతో గెలవాల్సిన బార్బడోస్, గ్రెనడాపై 2-1 ఆధిక్యంలో ఉండి కూడా అదనపు సమయం రావడం కోసం తన గోల్‌లోకి తానే బంతి తన్నుకుంది, చివరికి 4-2తో నెగ్గింది. మైదానంలో ఉండేవారు ముందే చదివి ఉంటే ఆ లొసుగు కాగితం మీదే బయటపడేది.

2. అండర్-11, అంతకన్నా చిన్న వయసు వారికి ఛాంపియన్ అనే మాటే వద్దు. పాయింట్ల పట్టిక ప్రకటించవద్దు. నెలకో రోజు చిన్న మైదానాల్లో, చిన్న జట్లతో అందరూ అందరితో ఆడే ఆటల పండుగ చాలు. నార్వేలో పిల్లలకు 11వ ఏడు వచ్చేవరకు పట్టికలు, ర్యాంకులు లేవు. జాతీయ ఛాంపియన్‌షిప్ 13వ ఏట గాని రాదు. ఇంగ్లండ్‌లో అండర్-11 వరకు ఫలితాలు, పట్టికలు ప్రచురించరు. జర్మనీ 2024-25 సీజన్ నుంచి ఈ వయసు పిల్లలకు ఛాంపియన్‌షిప్ పట్టికలు తీసేసి చిన్న గోల్ పోస్టుల ఆటల్ని తప్పనిసరి చేసింది. ఈ మూడూ ఆటలో వెనుకబడ్డ దేశాలు కావు. తల్లిదండ్రులుగా మాకూ కప్పు పట్టుకున్న పిల్లవాడి ఫోటో ముచ్చటే. దాన్ని రెండేళ్లు వాయిదా వేసుకోవడానికి మేము సిద్ధం.

3. అండర్-13 మొదలు పై తరగతులన్నిటిలో లీగ్ విజేతను పూర్తి లీగ్ పట్టికే తేల్చాలి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలి. గెలుపుకు మూడు, డ్రాకు ఒక పాయింటు. మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ 2022లో గోవాలో మొదలైనప్పుడు ఎనిమిది జట్లు, జట్టుకు ఏడు మ్యాచ్‌లు. ఏడుకు ఏడూ గెలిచి పట్టికలో పైన నిలిచిన బెంగళూరు ఎఫ్‌సీ విజేత. ఫైనల్ అనేదే లేదు. ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు అన్న సందేహం ఎవరికీ రాలేదు. 2023లో లీగ్ దేశమంతటికీ విస్తరించాక ప్రాంతీయ దశలు, జాతీయ దశ, చివర ఫైనల్ వచ్చాయి. బెంగళూరే మళ్లీ గెలిచింది గాని, సుదేవా ఢిల్లీపై పెనాల్టీ షూటవుట్‌లో. జట్లు పదుల సంఖ్యలోకి పెరిగితే ఫైనల్ తప్పదని ఒప్పుకుంటాం. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ 2 కూడా 2023-24లో 26 జట్లతో, జట్టుకు 20 మ్యాచ్‌లతో ఒకే పట్టిక నడిపి, పైనున్న 16 జట్లకు ప్లే-ఆఫ్ పెట్టింది. అయితే అక్కడ ప్లే-ఆఫ్‌కు ముందు ప్రతి కుర్రవాడి జట్టుకూ 20 మ్యాచ్‌లు దక్కాయి. మన పిల్లలకు మొత్తం సీజన్‌లో అందులో సగం దక్కినా భాగ్యమే. ఫైనల్ సందడి, ప్రేక్షకులు, దాతల ప్రోత్సాహం కావాలంటే సీజన్ చివర విడిగా ఒక నాకౌట్ కప్పు పెట్టవచ్చు. లీగ్ వేరు, కప్పు వేరు. ఒకదాని బిరుదు రెండోదానితో తేల్చకూడదన్నదే మా మనవి.

4. నాలుగు ప్రాంతాల తుది దశ కూడా లీగ్‌గానే జరగాలి. ప్రాంతానికి ఒకటి చొప్పున నాలుగు జట్లు పరస్పరం ఆడితే మొత్తం ఆరు మ్యాచ్‌లు, జట్టుకు మూడు. ఒకరోజు ఆట, ఒకరోజు విశ్రాంతి చొప్పున అయిదు రోజుల్లో ముగుస్తుంది. నాకౌట్ పెడితే మ్యాచ్‌లు మూడు నాలుగుకు తగ్గుతాయి, రెండు రోజులు కలిసి వస్తాయి. ఆ రెండు రోజుల పొదుపు కోసం యానాం నుంచో, మాహే నుంచో వచ్చిన పిల్లవాడికి ఒక్క మ్యాచ్‌తో సరిపెట్టడం న్యాయం కాదు. మాహే, యానాం జట్లకు ప్రయాణం ముగిశాక, మొదటి మ్యాచ్‌కు ముందు పూర్తిగా ఒకరోజు విశ్రాంతి ఉండాలి. రైలు టిక్కెట్లు, బస, భోజనం ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఖర్చున్న కోర్కె ఇదేనని తెలుసు. నాలుగు ప్రాంతాలు ఒకే పాలన కింద ఉన్నప్పుడు దూరపు జట్టు తల్లిదండ్రుల జేబు మీద అదనపు భారం పడకుండా చూడడం పాలన బాధ్యతేనని భావిస్తున్నాం. నాలుగేళ్లకు నాలుగు చోట్ల వంతులవారీగా తుది దశ జరపగలిగితే మరీ మంచిది. యానాం పిల్లలు తమ ఊళ్లో తమ వాళ్ల ముందు ఆడే రోజు కూడా రావాలి.

5. పాయింట్లు సమానమైతే ఏం చేయాలన్నది వరుసక్రమంలో రాసి ఉండాలి. మా సూచన: మొదట ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం, తరువాత గోల్స్ తేడా, అయితే ఒక మ్యాచ్ నుంచి లెక్కకు వచ్చే తేడా అయిదుకు మించకూడదు, తరువాత పసుపు, ఎరుపు కార్డులు తక్కువ ఉన్న జట్టు. అప్పటికీ తేలకపోతే ఇద్దరూ ఉమ్మడి విజేతలు.

గోల్స్ తేడాను మొదట ఎందుకు పెట్టవద్దంటున్నామో కొంచెం వివరిస్తాం. 2004లో గోవా రెండో డివిజన్‌లో రెండు క్లబ్బులు పాయింట్లలో సమానంగా ఉండి, పై లీగ్‌కు ఎవరు వెళ్లాలన్నది గోల్స్ తేడా మీద పడింది. చివరి రోజు ఒకటి 55-1తో, మరొకటి 61-1తో గెలిచాయి. నాలుగు క్లబ్బుల మీదా ఏడాది నిషేధం పడింది. పెద్దవారి పోటీలో అది అవినీతి. పిల్లల పోటీలో అవినీతి లేకుండానే ఇంతటి నష్టం జరుగుతుంది: నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టిన బడి జట్టు మీద పదిహేనో గోల్ కోసం కేకలు వేసే శిక్షకుడు నియమం అడిగిందే చేస్తున్నాడు. ఆ పదిహేను గోల్స్ తిన్న జట్టులో ఎంతమంది మరుసటి వారం మైదానానికి వస్తారో శిక్షకులందరికీ తెలుసు. అయిదు దాటితే లెక్కలేదంటే, ఆ శిక్షకుడే బెంచి మీది పిల్లలను దింపుతాడు. ఇక కార్డుల లెక్కను ప్రపంచ కప్పే వాడింది. 2018లో జపాన్, సెనెగల్ అన్నిటా సమానమైతే పసుపు కార్డులు తక్కువున్న జపాన్ ముందుకు వెళ్లింది. ఉమ్మడి విజేతలన్నదీ మన సంప్రదాయంలో ఉన్నదే. 1960 డ్యూరాండ్ కప్పును, 1978 ఫెడరేషన్ కప్పును మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పంచుకున్నాయి. ఆ కప్పుల విలువ తగ్గిందని ఎవరూ అనలేదు. జాతీయ పోటీకి ఒక్క జట్టునే పంపవలసి వస్తే ఆ అర్హత కోసం తటస్థ మైదానంలో ఒక మ్యాచ్, అవసరమైతే పెనాల్టీలు పెట్టవచ్చు. చీటీ మాత్రం ఎక్కడా వద్దు.

6. చివరి రౌండు మ్యాచ్‌లన్నీ ఒకే వేళకు మొదలవ్వాలి. 1982 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమకు కావలసిన ఫలితం ముందే తెలిసి ఆడినప్పటి నుంచి ప్రపంచం పాటిస్తున్న పద్ధతి ఇది. ఉప్పళంలో ఒక మ్యాచ్, లాస్‌పేటలో ఒక మ్యాచ్ ఒకే సాయంత్రం పెట్టడం కష్టమేమీ కాదు.

7. పేరు నమోదైన ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా మ్యాచ్‌లో కనీసం సగం సమయం ఆడాలి. గాయం, అనారోగ్యం తప్ప మరో కారణంతో ఈ నియమం పాటించని జట్టుకు ఆ మ్యాచ్ పాయింట్లు రాకూడదు. మా కోర్కెలలో ఒకటే మిగలాలంటే ఇది మిగలాలని కోరుకుంటాం. ప్రతి జట్టులోనూ పసుపు బనియను తొడుక్కుని సీజనంతా నీళ్ల సీసాలు నింపే పిల్లలు ఇద్దరు ముగ్గురుంటారు. వారూ చందా కట్టినవారే, వారూ పొద్దున అయిదింటికి లేచినవారే. బయటికి వచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి వెళ్లే వెసులుబాటును బాలల పోటీలకు ఆట చట్టాలే ఇచ్చాయి కాబట్టి సాంకేతికంగా అడ్డంకి లేదు. నాలుగో అధికారి దగ్గర ఒక కాగితం, ఒక గడియారం ఉంటే చాలు. దీనివల్ల బలమైన జట్టు ఒకటి రెండు మ్యాచ్‌లు పోగొట్టుకోవచ్చు. అప్పుడు గెలిచే జట్టు పద్నాలుగు మందికీ ఆట నేర్పిన జట్టవుతుంది, వికాస లీగ్‌కు తగిన ఛాంపియన్ అదే.

8. వయసు, అర్హత పత్రాల పరిశీలన మొదటి మ్యాచ్‌కు ముందే పూర్తి కావాలి. అభ్యంతరాలను ఏడు రోజుల్లో ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చాలి. ఆ కమిటీలో పోటీపడే జట్ల వారెవరూ ఉండకూడదు. 2025 ఏప్రిల్‌లో ముగిసిన ఐ-లీగ్ విజేత ఎవరన్నది ఆటగాళ్ల అర్హతపై వివాదాల వల్ల జూలై 18 వరకు తేలలేదు. చివరకు స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఇంటర్ కాశీని విజేతగా ప్రకటించింది. క్లబ్బులకు న్యాయవాదులుంటారు, పిల్లలకు ఉండరు. వయసు విషయంలో ఎముకల పరీక్ష అవసరమైతే అది అనుమానం వచ్చిన ఒక్క పిల్లవాడిని వేలెత్తి చూపినట్టు కాకుండా జట్టు మొత్తానికీ జరగాలి.

9. వానకు, వాకోవర్‌కు నియమం ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు పుదుచ్చేరి, కారైకాల్ మైదానాలను చెరువులు చేస్తాయి. మాహేకు జూన్ నుంచే వాన. ఆగిపోయిన మ్యాచ్‌ను అదే స్కోరుతో, మిగిలిన నిమిషాలకే తిరిగి ఆడించాలి. ఒక జట్టు మధ్యలో వైదొలిగితే దాని ఫలితాలన్నీ పట్టిక నుంచి తీసేయాలి. కొందరికి ఉచితంగా మూడు పాయింట్లు, కొందరికి లేకుండా పోకూడదు. ఫిబ్రవరి, మార్చి నెలలు పరీక్షలకు వదిలేస్తే, జనవరితో పాటు జూలై నుంచి సెప్టెంబరు దాకా పట్టణ లీగ్‌కు అనువైన కాలమని మా అభిప్రాయం.

10. పై నియమాలన్నీ బాలికల లీగ్‌కూ యథాతథంగా వర్తించాలి. జట్లు తక్కువున్నాయని ఒక్కరోజు నాకౌట్‌తో ముగించకుండా, ఉన్న జట్లతోనే రెండు మూడు రౌండ్ల లీగ్ జరపాలి. మూడు జట్లున్నా లీగ్ లీగే.

ఈ కోర్కెలలో 1, 5, 6, 8, 9 సంఖ్యలవి కేవలం కాగితం మీద రాయవలసినవి. వచ్చే సీజన్ నుంచే అమలు చేయవచ్చు. 2, 3, 7, 10 కోర్కెలకు శిక్షకుల సహకారం కావాలి, దానికి మేము హామీ ఇస్తున్నాం. సమయం లెక్క రాయడానికి, నియమావళిని తెలుగులోకి తేవడానికి మాలో తగినవారు ఉచితంగా పనిచేస్తారు. నాలుగో కోర్కెకు నిధులు కావాలి గనుక దాన్ని రానున్న బడ్జెట్ ప్రతిపాదనల్లో చేర్చవలసిందిగా ప్రత్యేకంగా వేడుకుంటున్నాం.

తమరు వీలు చూసుకుని మా ప్రతినిధులు అయిదుగురికి, యానాం నుంచి ఒకరికి తక్కువ కాకుండా, ముఖాముఖి మాట్లాడే అవకాశం ఇవ్వాలని, ఈ పత్రం అందిన 30 రోజుల్లోగా ఒక్కో కోర్కెపై అంగీకారమో, అభ్యంతరమో కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని మనవి చేసుకుంటున్నాం.

ఇట్లు
తమ విధేయులు,
పుదుచ్చేరి, యానాం బాల ఫుట్‌బాల్ క్రీడాకారుల తల్లిదండ్రులు, శిక్షకులు